సర్వర్ బీఎంసీ నెట్‌వర్క్‌లో కనబడకపోతే: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం చూడాలి

సర్వర్ పడిపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్ పలకడం లేదు, ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచి లాగిన్ అవడం కుదరడం లేదు. ఇలాంటి వేళ ఆదుకోవడానికే మదర్‌బోర్డు మీద ఇంకో చిన్న కంప్యూటర్ ఉంటుంది. తీరా దాని పేజీ తెరవబోతే అదీ తెరుచుకోదు. డేటాసెంటర్‌లో ఉన్న మనిషికి ఫోన్ చేసి పవర్ బటన్ నొక్కమని అడగడం తప్ప దారి లేకుండా పోతుంది. సర్వర్లు చూసుకునేవాళ్లలో చాలామంది ఈ పరిస్థితిలో చేసే మొదటి పని ఐపీ అడ్రస్‌ను మళ్లీ మళ్లీ పింగ్ చేయడం. దాని వల్ల తెలిసేది చాలా తక్కువ. అంతకన్నా ఎక్కువ చెప్పే ప్రశ్న ఒకటుంది: అది మాయమైనప్పుడు సర్వర్ ఏ స్థితిలో ఉంది?

ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే ఈ పెట్టె లోపల ఏముందో కాస్త తెలియాలి. ఆ చిన్న కంప్యూటర్ పేరు బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్. అందరూ బీఎంసీ అంటారు. డెల్ దాన్ని ఐడ్రాక్ అని, హెచ్‌పీఈ ఐఎల్ఓ అని, లెనోవో ఎక్స్‌క్లారిటీ కంట్రోలర్ అని, సిస్కో సీఐఎంసీ అని పిలుస్తాయి. సూపర్‌మైక్రో బోర్డుల దగ్గరైతే ఉట్టి ఐపీఎంఐ అనేయడమే వాడుక. పేరు ఏదైనా సొంత ప్రాసెసర్, సొంత మెమరీ, సొంత మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ పరికరాన్ని గుర్తించే నంబరు), సొంత ఐపీ ఉంటాయి. చాలా బోర్డుల్లో అది ఆస్పీడ్ కంపెనీ తయారుచేసే ఏఎస్‌టీ2500, ఏఎస్‌టీ2600 లాంటి చిప్. దాని మీద నడిచేది ఎక్కువగా లినక్సే. సర్వర్‌ను ఆపేసినా, పవర్ కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ స్టాండ్‌బై కరెంటుతో అది మేలుకునే ఉంటుంది.

దీనితో మాట్లాడే పద్ధతుల్లో పాతది ఐపీఎంఐ. ఇంటెల్, హెచ్‌పీ, డెల్, ఎన్‌ఈసీ కలిసి 1998లో మొదటి వెర్షన్ తెచ్చాయి. 2001 నాటి 1.5తో నెట్‌వర్క్ మీదుగా మాట్లాడే వీలొచ్చింది, 2004లో 2.0 వచ్చింది. 2015లో డీఎంటీఎఫ్ అనే ప్రమాణాల సంస్థ విడుదల చేసిన రెడ్‌ఫిష్ ఇప్పుడు దాని స్థానంలోకి వస్తోంది. కానీ నెట్‌వర్క్ సమస్య వచ్చినప్పుడు ఈ ప్రోటోకాల్స్ కన్నా ముందు చూడాల్సింది కేబుల్ ఎక్కడ గుచ్చి ఉంది, ఆ కేబుల్‌ను ఇంకెవరు వాడుకుంటున్నారు అన్నది. బీఎంసీ సమస్యల్లో విసిగించేవన్నీ దాదాపుగా అక్కడే పుడతాయి.

పెరటి గుమ్మం

బీఎంసీకి చేరడానికి నెట్‌వర్క్ ఒక్కటే దారి కాదని గుర్తుపెట్టుకోండి. వీధి గుమ్మం మూసుకుపోయినా పెరటి గుమ్మం ఒకటి ఉంటుంది. మదర్‌బోర్డు లోపల సర్వర్‌కీ బీఎంసీకీ మధ్య కేసీఎస్ అనే ఇంటర్‌ఫేస్ ఉంది; దానికి ఐపీ అక్కర్లేదు, కేబుల్ అక్కర్లేదు. సర్వర్‌లో లినక్స్ నడుస్తుంటే ఐపీఎంఐ_ఎస్ఐ, ఐపీఎంఐ_డెవ్‌ఇంట్ఎఫ్ మాడ్యూల్స్ లోడ్ చేసి, ఐపీఎంఐ కమాండ్లు పంపే ఐపీఎంఐటూల్ ప్రోగ్రామ్‌తో రూట్‌గా ‘ఐపీఎంఐటూల్ ఎంసీ ఇన్ఫో’ అని అడిగితే బీఎంసీ తన ఫర్మ్‌వేర్ వెర్షన్‌తో జవాబిస్తుంది. అంటే అది బతికే ఉంది, తప్పు దారిలో ఉంది. ఇక్కడ కూడా మౌనమే ఎదురైతే బీఎంసీయే బిగుసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు స్విచ్ కాన్ఫిగరేషన్ తవ్వుతూ కూర్చోవడం వృథా. ఒక్క కమాండ్‌తో వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గుతుంది.

తర్వాత ‘ఐపీఎంఐటూల్ ల్యాన్ ప్రింట్ 1’. ఐపీ, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, మ్యాక్ అడ్రస్, వీల్యాన్ (ఒకే స్విచ్ మీద విడగొట్టిన నెట్‌వర్క్) నంబరు, ఐపీ డీహెచ్‌సీపీ నుంచి దానంతట అది వచ్చిందా స్టాటిక్‌గా పెట్టారా అన్నది, అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. కొన్ని బోర్డుల్లో ల్యాన్ ఛానెల్ 1 కాకుండా 8 లాంటి వేరే నంబరు అవుతుంది. 1కి ఏమీ రాకపోతే మిగతావీ ప్రయత్నించాలి. స్టాటిక్ ఐపీ పెట్టేటప్పుడు ముందు ఐపీ సోర్స్‌ను స్టాటిక్‌కు మార్చి, ఆ తర్వాతే అడ్రస్ ఇవ్వాలి. ఆ వరస తప్పితే మార్పు నిలవకపోవచ్చు. సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ లేకపోతే ఇవే వివరాలు బయోస్ సెటప్ పేజీలో దొరుకుతాయి.

గేట్‌వే గురించి ఒక మాట. అదే సబ్‌నెట్‌లో ఉన్న ఇంకో మిషన్ నుంచి బీఎంసీ పలుకుతూ, వేరే సబ్‌నెట్ నుంచి పలకకపోతే, ముందు అనుమానించాల్సింది గేట్‌వేనూ సబ్‌నెట్ మాస్క్‌నూ. ప్యాకెట్ బీఎంసీ దాకా వెళ్తూనే ఉంటుంది, జవాబుకు తిరిగొచ్చే దారి ఉండదు. అందుకే మేనేజ్‌మెంట్ సబ్‌నెట్‌లో లాగిన్ అవగలిగే మిషన్ ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. అది లేనిచోట ప్రతి సమస్యా అసలు కన్నా రెట్టింపు జటిలంగా కనిపిస్తుంది.

ఒకే పోర్ట్, ఇద్దరు వాడకందార్లు

సర్వర్ వెనక బీఎంసీ కోసమే ఇచ్చిన పోర్ట్ ఒకటి సాధారణంగా ఉంటుంది. దాన్ని డెడికేటెడ్ పోర్ట్ అంటారు. అది కాకుండా, సర్వర్ మామూలు నెట్‌వర్క్ పోర్ట్‌నే బీఎంసీ కూడా వాడుకునే షేర్డ్ పద్ధతి ఉంది. నెట్‌వర్క్ కార్డ్‌కూ బీఎంసీకీ మధ్య ఎన్‌సీ-ఎస్ఐ అనే పక్కదారి నడుస్తుంది. కార్డ్‌లోని ఫిల్టర్ వచ్చే ఫ్రేమ్‌లను చూసి, బీఎంసీ మ్యాక్‌కు వచ్చినవి దానికీ, మిగతావి సర్వర్‌కూ పంచుతుంది. ఒక కేబుల్, ఒక స్విచ్ పోర్ట్ మిగులుతాయి. చిన్న సెటప్‌లకు ఇది ఆకర్షణీయంగానే ఉంటుంది.

చిక్కేమిటంటే, ఆ పోర్ట్‌కు యజమాని సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్. బీఎంసీ అక్కడ అతిథి. సర్వర్ ఆ పోర్ట్‌తో ఏం చేసినా బీఎంసీకి తగులుతుంది. అది మాయమైనప్పుడు సర్వర్ ఏ స్థితిలో ఉందో అడగడం ఇందుకే.

సర్వర్ ఆపగానే బీఎంసీ మాయమైతే రెండు కారణాలు ముందుకొస్తాయి. ఒకటి వేగం. సర్వర్ ఆగి స్టాండ్‌బై కరెంటు మీదకు వెళ్లినప్పుడు చాలా నెట్‌వర్క్ కార్డులు తమ లింక్ వేగాన్ని 100 లేదా 10 మెగాబిట్లకు దించుకుంటాయి. స్విచ్ పోర్ట్‌ను ఎవరో 1 గిగాబిట్‌కు స్థిరంగా బిగించి ఉంటే లింక్ అక్కడితో తెగిపోతుంది. సర్వర్ నడుస్తున్నంతకాలం అంతా బాగున్నట్టే ఉంటుంది కాబట్టి ఈ లోపం నెలల తరబడి బయటపడదు. సర్వర్‌ను దూరం నుంచి ఆన్ చేయాల్సిన రోజున బయటపడుతుంది. స్విచ్ వైపు ఆటో నెగోషియేషన్ పెట్టడమే పరిష్కారం.

రెండోది ఎల్‌ఏసీపీ. రెండు పోర్టులను కలిపి బాండ్ చేసినప్పుడు సర్వర్, స్విచ్ ఒకదానికొకటి ఎల్‌ఏసీపీ సందేశాలు పంపుకుంటూ ఉంటాయి. సర్వర్ ఆగితే ఆ సందేశాలు ఆగుతాయి. బీఎంసీకి ఎల్‌ఏసీపీ భాష రాదు. అవతల ఎవరూ పలకడం లేదని స్విచ్ ఆ పోర్ట్‌ను పక్కన పెట్టేస్తుంది. కొన్ని స్విచ్‌లలో ఎల్‌ఏసీపీ ఫాల్‌బ్యాక్ అనే సెట్టింగ్ ఉంది. సందేశాలు రాకపోయినా ఒక పోర్ట్‌ను మామూలు పోర్ట్‌లా నడవనిస్తుంది. అయినా కథ అయిపోదు. సర్వర్ నడుస్తున్నప్పుడు బీఎంసీకి వెళ్లాల్సిన ఫ్రేమ్‌ను స్విచ్ తన హ్యాష్ లెక్క ప్రకారం బాండ్‌లోని రెండో పోర్ట్‌కు పంపవచ్చు. అక్కడ దాన్ని అందుకునేవారు ఉండరు. ఒక మిషన్ నుంచి బీఎంసీ బాగా పలుకుతూ, పక్క మిషన్ నుంచి అసలు పలకకపోవడం చూస్తే అనుమానించాల్సింది ఇదే. షేర్డ్ పోర్ట్‌ను బాండ్‌లో పెట్టవద్దనే చెబుతాను.

రీబూట్ అవుతున్నప్పుడు మాత్రమే మాయమై, తర్వాత దానంతట అది తిరిగొస్తుందా? అయితే నెట్‌వర్క్‌లో వలయాలు ఏర్పడకుండా స్విచ్‌లు వాడే స్పానింగ్ ట్రీ వైపు చూడండి. రీబూట్‌లో కార్డ్ రీసెట్ అయి లింక్ ఒకసారి పడి లేస్తుంది. పాత 802.1డీ పద్ధతిలో స్విచ్ ఆ పోర్ట్‌ను లిజనింగ్‌లో 15 సెకన్లు, లెర్నింగ్‌లో 15 సెకన్లు ఉంచి, ఆ తర్వాతే ట్రాఫిక్‌ను వదులుతుంది. బయోస్‌లోకి వెళ్లడానికి కీ నొక్కాల్సిన సమయం సరిగ్గా ఆ 30 సెకన్లలోనే గడిచిపోతుంది. పోర్ట్‌ను ఎడ్జ్ పోర్ట్‌గా, సిస్కో పరిభాషలో పోర్ట్‌ఫాస్ట్‌గా, మారిస్తే ఈ ఆలస్యం పోతుంది.

పోర్ట్ సెక్యూరిటీ కూడా ఇక్కడే అడ్డం వస్తుంది. ఒక పోర్ట్‌కు ఒకే మ్యాక్ అని స్విచ్‌లో పరిమితి పెడితే, షేర్డ్ పోర్ట్ మీద కనబడే రెండో మ్యాక్ నియమ ఉల్లంఘనే అవుతుంది. స్విచ్ మోడ్‌ను బట్టి ఆ మ్యాక్‌నే ఆపవచ్చు, పోర్ట్‌ను మొత్తంగా మూసేయనూ వచ్చు. పోర్ట్‌కు తగిలించిన పరికరం తన గుర్తింపు నిరూపించుకోవాలనే 802.1ఎక్స్ ఉన్నచోటా ఇలాంటి గొడవే.

ఇక వీల్యాన్. షేర్డ్ పోర్ట్ మీద బీఎంసీకి వీల్యాన్ నంబరు ఇవ్వకపోతే దాని ఫ్రేమ్‌లు ట్యాగ్ లేకుండా బయటకొచ్చి ఆ ట్రంక్ (చాలా వీల్యాన్లను మోసే పోర్ట్) నేటివ్ వీల్యాన్‌లో, అంటే ట్యాగ్ లేని ఫ్రేమ్‌లకు కేటాయించిన దానిలో, పడతాయి. మేనేజ్‌మెంట్ వీల్యాన్ వేరే ఉంటే ఆ నంబరును బీఎంసీలో పెట్టాలి, స్విచ్ పోర్ట్ మీద దాన్ని అనుమతించాలి. దీనికి తిరగేసిన తప్పు ఇంకా ఎక్కువగా జరుగుతుంది: షేర్డ్ నుంచి డెడికేటెడ్‌కు మార్చి, కేబుల్‌ను యాక్సెస్ పోర్ట్‌కు గుచ్చుతారు, కానీ బీఎంసీలో పాత వీల్యాన్ నంబరు అలాగే మిగిలిపోతుంది. లింక్ లైట్ వెలుగుతుంది, స్విచ్‌లో పోర్ట్ అప్ అని చూపిస్తుంది, మాట మాత్రం కలవదు. ‘ఐపీఎంఐటూల్ ల్యాన్ సెట్ 1 వీల్యాన్ ఐడీ ఆఫ్’ అంటే సరిపోతుంది.

షేర్డ్ పోర్ట్‌ను పరీక్షించేటప్పుడు ఆ సర్వర్ లోంచే దాని బీఎంసీని పింగ్ చేసి నిర్ణయానికి రావద్దు. సర్వర్ పంపిన ఫ్రేమ్‌ను కార్డ్ బయటికి పంపుతుంది. అదే పోర్ట్ వెనక ఉన్న బీఎంసీకి లోపల్లోపలే మళ్లించే సౌకర్యం అన్ని కార్డుల్లో ఉండదు. స్విచ్ కూడా ఒక పోర్ట్ నుంచి వచ్చిన ఫ్రేమ్‌ను అదే పోర్ట్‌లోకి తిప్పి పంపదు. పింగ్ ఓడిపోతుంది, బీఎంసీ మాత్రం బాగానే ఉంటుంది. ఎప్పుడూ ఇంకో మిషన్ నుంచే చూడాలి.

ఈ ఫిల్టర్ పంచుడు ఎంత దూరం వెళ్తుందో చెప్పే సంగతి ఒకటుంది. ఐపీఎంఐ వాడే యూడీపీ పోర్ట్ 623. కొన్ని కార్డులు 623, 664 పోర్టులకు వచ్చిన ప్యాకెట్లను సర్వర్ కోసం వచ్చినవైనా సరే బీఎంసీ వైపు తోసేస్తాయి. నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ కోసం లినక్స్ యాదృచ్ఛికంగా ఆ పోర్ట్‌నే ఎంచుకుంటే మౌంట్ కారణం తెలియకుండా వేలాడిపోయేది. లినక్స్ కెర్నల్‌లో ఆర్‌పీసీ రిజర్వ్‌డ్ పోర్టుల కనీస విలువ 665 కావడం ఈ రెంటినీ తప్పించుకోవడానికే. బీఎంసీ సమస్య సర్వర్ సమస్యలా కనబడిన సందర్భమది.

డెడికేటెడ్ పోర్ట్‌లో చిక్కులు తక్కువ

వేరే పోర్ట్, వేరే కేబుల్ ఉంటే పైన చెప్పిన వాటిలో చాలావరకు రావు. స్విచ్‌లో మ్యాక్ అడ్రస్ టేబుల్ చూసి, ల్యాన్ ప్రింట్‌లో కనబడిన బీఎంసీ మ్యాక్ ఏ పోర్ట్ మీద నేర్చుకుందో సరిపోల్చండి. సర్వర్ ముందు లాగే ట్యాగ్ మీద ఆ మ్యాక్ ముద్రించి ఉండటం మామూలే. అసలు లింకే లేకపోతే వేగం చూడాలి: పాత బీఎంసీల డెడికేటెడ్ పోర్ట్ 10/100 మెగాబిట్లకే పరిమితం, కొత్త స్విచ్‌లలో కొన్ని పోర్టులు 100కు దిగనే దిగవు. ఇక ఒకవైపు 100 ఫుల్ డూప్లెక్స్ అని బిగించి, ఇంకోవైపు ఆటో వదిలేస్తే ఆటో వైపు హాఫ్ డూప్లెక్స్‌లో స్థిరపడుతుంది. పింగ్ బాగానే వెళ్తుంది, కానీ వర్చువల్ మీడియాతో ఐఎస్ఓ ఎక్కించబోతే నత్తనడక. స్విచ్ పోర్ట్ మీద ఎర్రర్ కౌంటర్లు పెరుగుతుంటే అదే రుజువు.

ఫెయిలోవర్ మోడ్‌తో మాత్రం జాగ్రత్త. డెడికేటెడ్ పోర్ట్‌లో లింక్ ఉంటే దాన్ని, లేకపోతే సర్వర్ మొదటి ల్యాన్ పోర్ట్‌ను వాడుకునే పద్ధతి ఇది. సూపర్‌మైక్రో బోర్డుల్లో కొన్ని తరాలు ఈ నిర్ణయాన్ని బీఎంసీ బూట్ అయ్యేటప్పుడే తీసుకునేవి. రాక్‌కు కరెంటు పోయి వచ్చిందనుకోండి. బీఎంసీ స్విచ్ కన్నా ముందే లేస్తుంది, డెడికేటెడ్ పోర్ట్‌లో లింక్ కనబడదు, ల్యాన్ 1కు మారిపోతుంది. కాసేపటికి స్విచ్ వచ్చినా అది వెనక్కి రాదు. కరెంటు పోయి వచ్చిన తర్వాత ఒకే రాక్‌లో చాలా బీఎంసీలు కలిసికట్టుగా మాయమైతే కారణం ఎక్కువసార్లు ఇదే. కేబుల్ ఉన్నప్పుడు మోడ్‌ను డెడికేటెడ్‌గా తేల్చి పెట్టడమే మంచిది.

పింగ్ వెళ్తుంది, లోపలికి పోనివ్వదు

ఇక్కడ నెట్‌వర్క్ సమస్యగా కనబడేవాటిలో సగం నెట్‌వర్క్‌వి కావు. వెబ్ పేజీ టీసీపీ 443 మీద, ఎస్‌ఎస్‌హెచ్ 22 మీద, ఐపీఎంఐ యూడీపీ 623 మీద నడుస్తాయి. రిమోట్ కన్సోల్‌కు విడి పోర్టులు వాడే తరాలూ ఉన్నాయి: పాత ఐడ్రాక్‌లు 5900, ఐఎల్ఓలు 17990. ఫైర్‌వాల్‌లో 443 ఒక్కటే తెరిస్తే పేజీ వస్తుంది, కన్సోల్ నల్లగా ఉండిపోతుంది.

ఐపీఎంఐటూల్ ఆర్‌ఎంసీపీ ప్లస్ సెషన్ (నెట్‌వర్క్ మీదుగా ఐపీఎంఐ 2.0 లాగిన్) ఏర్పాటు చేయలేకపోయానని చెబితే ఫైర్‌వాల్ కన్నా ముందు మూడు చూడండి. కొత్త తరం ఐడ్రాక్, ఐఎల్ఓలలో నెట్‌వర్క్ మీదుగా ఐపీఎంఐ మొదటి నుంచీ ఆఫ్‌లో వస్తుంది. ఐపీఎంఐ 2.0 పాస్‌వర్డ్ 20 బైట్లకు మించకూడదు. వెబ్ పేజీ అంతకన్నా పొడవైనదాన్ని ఒప్పుకున్నా ఐపీఎంఐ దగ్గర అది చెల్లదు. మూడోది సైఫర్ సూట్, అంటే లాగిన్‌కూ ఎన్‌క్రిప్షన్‌కూ వాడే పద్ధతుల జట్టు: కొత్త ఐపీఎంఐటూల్ 17వ నంబరు సూట్‌కు ప్రాధాన్యమిస్తుంది, పాత బీఎంసీలకు అది తెలియదు, 3 తెలుసు. కమాండ్‌లో సైఫర్ 3 అని విడిగా చెబితే తలుపు తెరుచుకుంటుంది. సైఫర్ 0ను మాత్రం ఎక్కడా ఆన్‌లో ఉంచకండి. అది పాస్‌వర్డ్‌ను పరిశీలించకుండానే లోపలికి పంపుతుంది.

పాత బీఎంసీ పేజీ బ్రౌజర్‌లో తెరుచుకోకపోవడానికి టీఎల్ఎస్ కూడా కారణం కావచ్చు. 1.0, 1.1 వెర్షన్లను ప్రధాన బ్రౌజర్లు 2020 నుంచి వదిలేస్తూ వచ్చాయి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే అదే మందు.

వీపీఎన్ మీదుగా పనిచేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. లాగిన్ పేజీ సగం వచ్చి ఆగిపోతుంది, ఆఫీసు నెట్‌వర్క్ నుంచి మాత్రం పూర్తిగా వస్తుంది. వీపీఎన్ టన్నెల్‌లో ప్యాకెట్ గరిష్ఠ సైజు మామూలు 1500 బైట్ల కన్నా తగ్గుతుంది, ఆ సంగతి చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని దారిలో ఏదో ఫైర్‌వాల్ మింగేస్తుంది. బీఎంసీ పెద్ద ప్యాకెట్లే పంపుతూ ఉంటుంది, అవి చేరవు. ముక్కలు చేయవద్దనే గుర్తుతో 1472 బైట్ల పింగ్ పంపి చూడండి. హెడర్ల 28 బైట్లు కలిపితే సరిగ్గా 1500. చిన్న పింగ్ వెళ్లి ఇది వెళ్లకపోతే దొంగ దొరికినట్టే. టన్నెల్ వైపు టీసీపీ ఎంఎస్ఎస్‌ను (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా గరిష్ఠ సైజును) తగ్గించడంతో ఇది తీరుతుంది.

ఇన్ని అడ్డంకులు చూశాక, బీఎంసీకి పబ్లిక్ ఐపీ ఇచ్చేస్తే ఏ గొడవా ఉండదని అనిపించవచ్చు. దయచేసి ఆ పని చేయకండి. బీఎంసీ చేతికి చిక్కితే సర్వర్ మొత్తం చిక్కినట్టే: ఆపవచ్చు, వేరే డిస్క్‌తో బూట్ చేయవచ్చు, ఫర్మ్‌వేర్ మార్చవచ్చు. ఐపీఎంఐ 2.0లో లాగిన్ కాకముందే పాస్‌వర్డ్ హ్యాష్ బయటికిచ్చే బలహీనత స్పెసిఫికేషన్‌లోనే ఉంది, 2013 నుంచి అందరికీ తెలుసు. చాలా కంపెనీల బోర్డుల్లో ఉండే ఏఎంఐ మెగారాక్ ఫర్మ్‌వేర్‌లో పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వెళ్లనిచ్చే లోపాన్ని, దాడుల్లో వాడుతున్నారని చెబుతూ అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా 2025 జూన్‌లో తన జాబితాలో చేర్చింది. వేరే వీల్యాన్, దాని ముందు వీపీఎన్, ఇవి తప్పనిసరి.

అప్పుడప్పుడు వచ్చి పోయేది

సర్వర్ స్థితితో సంబంధం లేకుండా బీఎంసీ వస్తూ పోతూ ఉంటే ముందు ఐపీ ఢీకొనడం చూడాలి. అదే సబ్‌నెట్‌లోంచి ఆర్‌పింగ్ (ఆ ఐపీ ఏ మ్యాక్‌దని అడిగే టూల్) చేస్తే రెండు వేర్వేరు మ్యాక్‌ల నుంచి జవాబులొస్తాయి. కొత్త సర్వర్లను తయారీదారు ఇచ్చిన డిఫాల్ట్ ఐపీతోనే రాక్‌లో పెట్టినచోట ఇది సహజం. ఐడ్రాక్‌లో ఆ అడ్రస్ చాలాకాలంగా 192.168.0.120. డీహెచ్‌సీపీ వాడుతుంటే లీజు మారి ఐపీయే మారి ఉండవచ్చు, రిజర్వేషన్ పెట్టుకోవాలి.

అదీ కాకపోతే బీఎంసీయే అలసిపోయి ఉండవచ్చు. నెలల తరబడి ఆగకుండా నడిచే చిన్న కంప్యూటర్ అది. ముగించకుండా వదిలేసిన వెబ్ సెషన్లు, ప్రతి కొన్ని సెకన్లకూ ప్రశ్నలు వేసే మానిటరింగ్ టూల్స్ దాని కొద్దిపాటి మెమరీని తినేస్తాయి. ‘ఐపీఎంఐటూల్ ఎంసీ రీసెట్ కోల్డ్’ అంటే బీఎంసీ మాత్రమే మళ్లీ బూట్ అవుతుంది, సర్వర్ పని ఆగదు. తిరిగి పలకడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, ఆ వ్యవధిలో ఫ్యాన్లు వేగంగా తిరిగితే కంగారు పడనవసరం లేదు. డెల్‌లో దీనికి ‘రాక్‌అడ్మ్ రాక్‌రీసెట్’ ఉంది. కేసీఎస్ కూడా పలకనప్పుడు సర్వర్ దగ్గరున్న మనిషి సాయం కావాలి: డెల్‌లో సిస్టమ్ ఐడీ బటన్‌ను 15 సెకన్లకు మించి, హెచ్‌పీఈ కొత్త తరాల్లో యూఐడీ బటన్‌ను కనీసం 10 సెకన్లు నొక్కి పట్టుకుంటే బీఎంసీ రీసెట్ అవుతుంది. రీసెట్‌కు ముందు ఈవెంట్ లాగ్‌ను భద్రపరచుకోవడం మంచి అలవాటు.

అప్పటికీ లేవకపోతే సర్వర్‌ను సక్రమంగా ఆపి, పవర్ కేబుల్స్ అన్నీ తీసి, బోర్డులో మిగిలిన కరెంటు పోయేదాకా కాసేపు ఆగి మళ్లీ గుచ్చాలి. పవర్ సప్లైలు రెండుంటే రెండు కేబుల్సూ తీయాలి. ఒక్కటి గుచ్చి ఉన్నా స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. దానికీ లొంగకపోతే మిగిలింది మదర్‌బోర్డు మార్చడం, ఎందుకంటే చాలా సర్వర్లలో బీఎంసీ చిప్ బోర్డుకు అతికించే ఉంటుంది. కొత్త బోర్డు కొత్త మ్యాక్‌తో వస్తుంది, సెట్టింగ్‌లు చాలాసార్లు ఫ్యాక్టరీలో పెట్టినవే ఉంటాయి. డీహెచ్‌సీపీ రిజర్వేషన్, స్విచ్ పోర్ట్ సెక్యూరిటీలో నమోదైన మ్యాక్, పోర్ట్ మోడ్, వీల్యాన్ నంబరు నాలుగూ సరిచేసి, సర్వర్‌ను ఒకసారి ఆపి, ఆగి ఉన్న స్థితిలోనే ఇంకో మిషన్ నుంచి బీఎంసీని పిలిచి చూశాకే టికెట్ మూసేయండి.